గొట్టంలో దాచిన ఆదా

మే నెల రెండో శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, సంత్రాగాఛిలో మా కారం మర షెడ్డులో నేను ఒక ఆకుపచ్చ బొత్తాం నొక్కాను. మూడు గంటల పదకొండు నిమిషాలకు పక్క క్లబ్బు ఆవరణలో ఉన్న నలభై మంది పెద్దమనుషులు ఒక్కసారిగా తుమ్మారు. ఆ నిమిషంలో జరిగిన ఘోరమే ఇప్పుడు చెప్పబోతున్నాను. చదివేవారు ఒక గ్లాసు మంచినీళ్ళు, ఒక చేతిరుమాలు దగ్గర పెట్టుకోవడం మంచిది. నేనైతే ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు ముక్కు తుడుచుకున్నాను.

అప్పటికి నాకు అరవై రెండేళ్ళు. చిన్నతనం. రైల్వే లెక్కల విభాగంలో పని విరమించి రెండేళ్ళయింది. జీవితమంతా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టిన మనిషిని కాబట్టి, నా లెక్కలో తప్పుండదని గట్టి నమ్మకం. తేలుకు కొండిలో విషం ఉంటుంది; నాకు ఆ నమ్మకంలో ఉండేది.

కలకత్తా తెలుగువాళ్ళ సంగతి తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. తరాలుగా ఇక్కడే ఉంటున్నాం. ఆవపిండి పెట్టి వండిన ఇలిశ్ చేపను లొట్టలు వేసుకుంటూ తింటాం. మా పిల్లలు తెలుగు మాట్లాడతారే గాని చదవమంటే కూడబలుక్కుంటారు. అన్నిటికీ సర్దుకున్నాం గాని, కారం దగ్గర మాత్రం సర్దుకోలేదు. బజారు పొట్లం చూపిస్తే "అది రంగేనండీ, కారం కాదు" అని పక్కకు నెడతాం. పప్పులో కూడా చిటికెడు పంచదార వేసే ఊళ్ళో బతికేవాళ్ళం నాలుకను కాపాడుకోకపోతే ఎలా? అందుకే రైల్వే క్వార్టర్ల వెనక ఎనిమిది మంది ఆడవాళ్ళం కలిసి ఒక కారం మర పెట్టాం. మిరపకాయలు గుంటూరు నుంచి రైల్లో దిగేవి. మా కారం ఇటు వాట్‌గంజ్ రేవు కూలీల ఇళ్ళకూ అటు న్యూ టౌన్ మేడలకూ వెళ్ళేది. లెక్కలు నావి. మర గౌరిది.

గౌరికి నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళాయన కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పని చేస్తాడు. ముగ్గురు పిల్లల చదువులు ఈ మర మీదే నడుస్తున్నాయి. ఆమె నోరు మా మర కంటే మెత్తగా పొడి చేస్తుంది. నన్ను "అప్పా" అని పిలిచేది. మా శ్రీకాకుళం వైపు అప్ప అంటే అక్క.

ఇక మర నిర్మాణం. కాయలు నూరేటప్పుడు లేచే పొడిని పీల్చడానికి మర పక్కనే ఒక బ్లోయర్ ఉండేది. ఇనుప నత్తగుల్ల లాంటి పెట్టె, లోపల గిర్రున తిరిగే చక్రం. ఆ గాలి షెడ్డు పొడుగునా వెళ్ళే గొట్టంలో పడి, చివర బయట వేలాడే రెండు గుడ్డ సంచుల్లోకి చేరేది. గాలి గుడ్డలోంచి బయటపడుతుంది, కారం సంచిలో మిగులుతుంది. మిగలాలి. మా పాత సంచులకు అక్కడక్కడా చిల్లులు పడ్డాయి, కొంత మిగిలేది కాదు. ఆ కొంత గోడ దాటి క్లబ్బులోకి వెళ్ళేది.

షెడ్డు ఆ క్లబ్బుదే. కార్యదర్శి శ్యామల్‌దా ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. మా మధ్యే ఉన్నవారు కాబట్టి ఆయనకు సగం తెలుగు వచ్చు, మాకు ఆయన బెంగాలీ మొత్తం వచ్చు. ఇక్కడ అంతా ఒకే భాషలో రాస్తున్నాను, ఒక్క "మాషిమా" తప్ప; అంటే పిన్నిగారని.

"మాషిమా, ఇలా అయితే కష్టం. నిన్న కవితా పఠనం పెట్టుకున్నాం. మంచి విరహ గీతం చదవడానికి లేచారు. అందరూ ఏడ్చారు."

"మంచి కవిత్వమన్నమాట."

"కవిత్వం ఇంకా మొదలు కాలేదు మాషిమా!"

చివరికి ఒక గడువు పెట్టారు. మే రెండో శనివారం క్లబ్బు క్యారమ్ ఫైనల్. ఆ రోజు కమిటీ అంతా ఉంటుంది. వాళ్ళ ముందు మర నడిపి చూపించాలి. ఒక్క తుమ్ము వినిపించినా షెడ్డు ఖాళీ చేయాలి. ఆ చుట్టుపక్కల మరను పెట్టనిచ్చే షెడ్డు ఇంకొకటి లేదు. అంటే షెడ్డు పోతే మర పోయినట్టే, మర పోతే ఎనిమిది ఇళ్ళ పొయ్యి సగం ఆరినట్టే.

మర్నాడే కొత్త సంచులు కుట్టించాం. దర్జీ చెప్పిన ధర విని నాకు చెమటలు పట్టాయి. సంచి మూతిని గొట్టానికి బిగించే ఇనుప పట్టీల ధర విన్నాక ఆ చెమటలు కూడా ఆరిపోయాయి. "పట్టీలు ఎందుకు? ఇంట్లో లంగా నాడాలు లేవూ?" అన్నాను. నాడాలతోనే కట్టాం. ఈ నాడాల సంగతి గుర్తుంచుకోండి. నేను మరిచిపోయాను, అదే కొంప ముంచింది.

సంచుల ఖర్చు ఎక్కడో రాబట్టాలి కదా? కరెంటు మీద పడ్డాను. సరిగ్గా అప్పుడే హౌరాలో చిన్న కార్ఖానాల వాళ్ళకు ఫ్యాన్ల కరెంటు ఆదా మీద ఒక పూట తరగతి పెట్టారని తెలిసింది. ఫౌండ్రీ యజమానులు, అద్దకం వాళ్ళు, బిస్కెట్లు చేసేవాళ్ళు, మధ్యలో జరీ అంచు చీరలో నేను. చెప్పిన అమ్మాయి అనిందిత అనే ఇంజినీరు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఎంత చక్కగా చెప్పిందో!

గోడకు బిగించే రెక్కల ఫ్యాన్ ఉంటుంది చూశారా, దానిలో గాలి ఇటు వచ్చి అటు నేరుగా పోతుంది. గాలి ఎక్కువ, తోపు తక్కువ. పొగను గదిలోంచి వెళ్ళగొట్టడానికి బాగుంటుంది, పొడవాటి గొట్టంలోంచి తోయమంటే చేతులెత్తేస్తుంది. రెండోది మా నత్తగుల్ల రకం. గాలి నడుమ నుంచి లోపలికి పోయి, చుట్టూ తిరిగి, పక్క నుంచి బయటపడుతుంది. మా ఆఫీసులో కాగితాలు కూడా అలాగే తిరిగేవి, కాకపోతే బయటపడేవి కావు.

ఈ నత్తగుల్ల రకంలో మళ్ళీ రెక్కల వంపును బట్టి మూడు. నా ముగ్గురు అల్లుళ్ళు గుర్తుకొచ్చారు. రెక్కలు ముందుకు వంగినది పెద్దల్లుడు: చూపుకు చిన్నది, హడావిడి ఎక్కువ, కాస్త దుమ్ము తగిలితే పని మానేస్తుంది. వెనక్కు వంగినది రెండో అల్లుడు: తక్కువ తిని ఎక్కువ పని చేస్తుంది, కాని శుభ్రమైన చోటే ఉంటానంటుంది. రెక్కలు నిటారుగా ఉన్నది చిన్నల్లుడు: మొరటు, తిండి ఎక్కువ, ఎంత దుమ్మైనా మోస్తుంది. మా బ్లోయర్ చిన్నల్లుడే. కారం మోయాలంటే అతణ్ణి మార్చడానికి లేదు. మరి తిండి తగ్గించేదెలా?

అప్పుడు అనిందిత బోర్డు మీద ఒక లెక్క వేసింది. ఫ్యాన్ వేగం ఎంత తగ్గితే గాలి అంతే తగ్గుతుంది. కాని కరెంటు దాని ఘనంలో తగ్గుతుంది. వేగం అయిదో వంతు తగ్గించండి, కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది!

నా వెన్నులో ఒక పులకింత. చెయ్యి ఎత్తాను.

"అయితే అమ్మాయీ, వేగం సగానికి తగ్గిస్తే?"

"సగానికా? లెక్క ప్రకారం ఎనిమిదో వంతు చాలు, మాషిమా. కానీ..."

ఆ తర్వాత ఆ అమ్మాయి పది నిమిషాలు మాట్లాడింది. నిజం చెబుతున్నాను, ఒక్క ముక్క వినలేదు. ఎనిమిదో వంతు! రెండుని రెండుతో, మళ్ళీ రెండుతో గుణిస్తే ఎనిమిది. ఎటు నుంచి చూసినా తప్పు లేదు. నేను ఆ ఎనిమిదో వంతును మా ఎనిమిది మందికీ పంచుతూ కూర్చున్నాను. ఆశ లావు, పీక సన్నం అన్నారు పెద్దలు. నా విషయంలో ఆశ లావు, గొట్టం సన్నం.

సోమవారం హాబుల్ అనే మెకానిక్‌ను పిలిచి బ్లోయర్ పుల్లీ మార్పించాను. చక్రం సగం వేగంతో తిరగడం మొదలుపెట్టింది. మునుపు రోడ్డు రోలరులా గర్జించేది, ఇప్పుడు తాంబూలం వేసుకున్న తాతలా గొణిగింది. ఆ నిశ్శబ్దం నాకు వీణలా వినిపించింది.

మొదటి వారం స్వర్గం. క్లబ్బు వైపు నుంచి ఒక్క తుమ్ము లేదు. శ్యామల్‌దా గోడ మీంచి తల ఎత్తి మరీ పొగిడారు.

"అద్భుతం మాషిమా! మీ సంచులు ఇంత తెల్లగా ఉన్నాయేమిటి?"

"పద్ధతి, శ్యామల్‌దా, పద్ధతి."

అవునండీ, తెల్లగా ఉన్నాయి. ఎర్రగా ఉండాల్సిన సంచులు తెల్లగా ఎందుకున్నాయని అడగాల్సింది నేను. పొగడ్త అడ్డం వచ్చింది. ఆ ప్రశ్న గౌరి అడిగింది.

"ఓలప్పా, ఏటీ ఇడ్డూరం? సంచుల్లో సెంచాడు కారం కూడా పడతం లేదు."

"మంచిదే కదా. వృథా కావటం లేదన్నమాట."

"గదిలో పొగలాగ లేత్తన్నాది. నా కళ్ళు సూడు, మావిడి టెంకల్లాగ ఉబ్బినాయి."

"కళ్ళకి గుడ్డ కట్టుకో మరి."

"కళ్ళకి గంతలు కట్టి గానుగెద్దులాగ తిప్పుతావేటి? పాత పుల్లీ ఎట్టించీయప్పా."

"ఎనిమిదో వంతు గౌరీ! తెలుసా, ఎనిమిదో వంతు!"

"ఆ ఎనిమిదో వంతేటో గాని, నాకు ముక్కు నాలుగు వంతులూ మండిపోతన్నాది."

అందరికీ రెండేసి పొరల ముక్కుగుడ్డలు కుట్టించాను. కరెంటు బిల్లు వచ్చింది. నిజంగానే తగ్గింది. ఇంటికి వచ్చి మా ఆయనకు చూపించాను. మా ఆయన రైలు గార్డుగా చేసి విరమించారు, క్యారమ్ అంటే ప్రాణం. బిల్లు చూసి "బాగుంది" అని మళ్ళీ గోరు మీద గవ్వలా స్ట్రైకర్ తిప్పుకున్నారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయన ఫైనల్‌కు వచ్చారు. ఎదుటి ఆటగాడు ఎవరంటారా? శ్యామల్‌దాయే. నా నుదుటి రాత బ్రహ్మ ఎంత నేర్పుగా రాశాడో చూడండి.

రెండో వారంలో నాకు దిగులు పట్టుకుంది. మరలో పోసిన కాయల తూకానికీ, వచ్చిన కారం తూకానికీ పొంతన కుదరలేదు. నూరితే కొంత తరుగు సహజమే. అది పోగా ఇంకా తగ్గుతోంది. ఈ రోజు అరకిలో, మర్నాడు ముప్పావు. త్రాసు మార్చాను. రాళ్ళు మార్చాను. నాలుగో వారానికి వచ్చేసరికి కిలోలకు కిలోలే కనబడటం లేదు. సంచుల్లో లేదు, నేల మీద లేదు, బస్తాల్లో లేదు. కారం ఏమైనా కర్పూరమా, హారతిలో కరిగిపోవడానికి?

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, లెక్కల మనిషికి సొమ్ము కనబడకపోతే మొదట మనుషులే కనబడతారు. నేను అందరి క్యారేజీల వంకా చూడటం మొదలుపెట్టాను. పైట కొంగుల వంకా చూశాను. అన్నం సహించడం మానేసింది. ఒక పక్క శనివారం ముంచుకొస్తోంది, ఇంకో పక్క ఇంటిదొంగ. ఒక రోజు భోజనాల వేళ గౌరి చెయ్యి కడుక్కుంటూ అంది:

"ఏటప్పా, నా క్యారేజీ అలగ సూత్తన్నావు?"

"ఏం లేదే. గిన్నె కొత్తదా అని."

"రెండేళ్ళబట్టీ ఇదే గిన్ని. సద్దన్నం ఉన్నాది, తింటావేటి?"

"వద్దులే."

"మూత తీసి సూపించమంటావా? కిందా పైనా?"

నవ్వుతూనే అంది. కాని ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. నేను తల తిప్పుకుని బస్తాలు లెక్కపెట్టాను. అవి ఎన్నో కూడా గుర్తులేదు, నాకు!

శుక్రవారానికి నా భయం ఇంకో రూపం తీసుకుంది. క్లబ్బులో తుమ్ములు లేవు, నిజమే. కాని కమిటీ వాళ్ళు రేపు షెడ్డు లోపలికి వస్తారు. లోపల పొగమంచులా కారం. గుమ్మంలో అడుగు పెట్టగానే తుమ్ముతారు. ఒక్క తుమ్ము చాలు కదా! అప్పుడు నాకు ఒక మహత్తరమైన ఉపాయం తట్టింది. శనివారం ఒక్కపూటకు పాత పుల్లీ పెట్టిస్తాను. బ్లోయర్ పూర్తి వేగంతో పీలుస్తుంది, గది అద్దంలా ఉంటుంది. కమిటీ వెళ్ళగానే మళ్ళీ సగం వేగం, మళ్ళీ ఎనిమిదో వంతు. పెళ్ళిచూపులకు అరువు నగలు పెట్టినట్టు.

శనివారం ఉదయం ఇంట్లో ఇంకో జాగ్రత్త కూడా తీసుకోబోయాను.

"ఏమండీ, ఈ రోజు మీరు ఓడిపోతే బాగుంటుంది."

ఆయన ఇస్త్రీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న చెయ్యి ఆపారు. "ఏటీ?"

"శ్యామల్‌దా గెలిస్తే సంతోషంగా ఉంటారు. షెడ్డు మీద సంతకం పెట్టేది ఆయనే కదా."

"ముప్పై ఏళ్ళే! ముప్పై ఏళ్ళబట్టీ కూర్చున్నాను ఆ బల్ల ముందర! కారం కోసం ఓడిపొమ్మంటావేటి?"

"ఎనిమిది ఇళ్ళండీ..."

"నీ బ్లోయర్ నువ్వు చూసుకో. నా స్ట్రైకర్ నేను చూసుకుంటాను."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

మూడు గంటలు. ఎండ మాడిపోతోంది. నీడ కోసం క్లబ్బు వాళ్ళు క్యారమ్ బల్లను ఎక్కడ వేశారంటారు? మా షెడ్డుకూ క్లబ్బుకూ మధ్య ఉన్న గోడ పక్కన, టార్పాలిన్ కింద. ఆ గోడకు సరిగ్గా ఇవతల మా సంచులు వేలాడుతున్నాయి. నెల రోజులుగా అంత తెల్లగా ఉన్న సంచులను చూసి వాళ్ళకు అంత నమ్మకం. చుట్టూ నలభై మంది, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. రెండో గేము అయ్యాక కమిటీ లోపలికి వస్తుందని కబురు. హాబుల్ పాత పుల్లీ బిగించి వెళ్ళాడు.

నాకు కాలు నిలవడం లేదు. "గౌరీ, వాళ్ళు వచ్చేలోపు ఒక్కసారి నడిపి చూద్దామా?"

"ఎందుకప్పా? తినబోతా రుసి అడగటం ఎందుకు? ఆళ్ళొచ్చినాకే తిప్పుదాం."

"కాదు, బెల్టు జారుతుందేమో చూడొద్దూ?"

"సరే, కానీ."

నొక్కాను.

మొదట గర్జన. అబ్బ, ఎన్నాళ్ళకు! తర్వాత గొట్టంలో ఒక శబ్దం. ఇసుక లారీ వెనక తలుపు ఎత్తినప్పుడు వస్తుంది చూడండి, అలా జరజర. ఆ శబ్దం మర దగ్గర మొదలై, మా తలల మీదుగా, షెడ్డు పొడుగునా పరిగెత్తింది. గౌరి తల ఎత్తి దాని వెంటే చూపు తిప్పింది.

"అప్పా! గొట్టంలో ఏటో ఎల్తన్నాది!"

"ఎలకలేమో!"

"అన్నెలకలా?"

గోడ అవతల ఏమి జరిగిందో తర్వాత మా ఆయన చెప్పగా విన్నాను. బల్ల మీద ఎర్ర రాణి, పక్కన ఒక తెల్ల కాయ, అంతే మిగిలాయి. వంతు మా ఆయనది. రెండూ ఒకే జేబు ముందు. స్ట్రైకర్ పెట్టి వేలు బిగించారు. శ్యామల్‌దా కళ్ళు మూసుకున్నారట, ఓటమి చూడలేక. ఆ కళ్ళు మూసుకోవడం వల్లే ఆ రోజు ఆయన ఒక్కరికి చూపు మిగిలింది. తెల్ల సంచులు రెండూ ఒక్క క్షణంలో గర్భిణుల్లా ఉబ్బాయి, మెడల దాకా ఎర్రబడ్డాయి, లంగా నాడాలు టప్పు టప్పుమని తెగాయి, సంచులు ఎగిరి గోడ దాటాయి. వాటి వెనకే, నెల రోజులుగా ఎక్కడికి పోతోందో తెలియక నేను కుమిలిపోయిన కారమంతా, టార్పాలిన్ కిందికి ఒక ఎర్రటి మేఘంలా దిగింది.

తుమ్ములు మొదలయ్యాయి. నలభై మంది తుమ్ములు ఒకేసారి ఎలా ఉంటాయో నేను చెప్పలేను. సంత్రాగాఛి యార్డులో గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి గుద్దుకున్నట్టుంది. మా ఆయన వేలు వదిలింది, ముక్కు కూడా అప్పుడే వదిలింది. స్ట్రైకర్ ఎక్కడికి పోయిందో ఎవరూ చూడలేదు. బల్లంతా ఒక అంగుళం ఎరుపు. ఆ ఎరుపులో ఎర్ర రాణి ఎక్కడ? ఒకాయన బల్ల మీద జారుడు పొడి చల్లే అలవాటు కొద్దీ ఆ కారాన్నే చేత్తో సర్ది, అదే చేత్తో కళ్ళు నులుముకున్నాడు. పాపం, ఆయన కేకతో కాకులు లేచిపోయాయి.

నేను పరుగున బయటికి వెళ్ళాను. శ్యామల్‌దా నిలబడి ఉన్నారు. ఆయన తెల్ల పంజాబీ లాల్చీ సిందూరపు రంగులోకి మారింది.

"మాషిమా," అన్నారు. తుమ్మారు. "మాషిమా..." మళ్ళీ తుమ్మారు. మూడోసారికి మాట పూర్తయింది. "వారం రోజులు. తర్వాత షెడ్డు తాళం నా చేతిలో ఉండాలి."

లోపల గౌరి అప్పటికే నిచ్చెన ఎక్కి గొట్టం ఒక మలుపు దగ్గర విప్పింది. దోసిలి నిండా కారం తీసింది. ఇంకో దోసిలి. మలుపుల్లో ఇంకా గట్టిగా పేరుకుని ఉంది. కిందికి దిగి, ఆ దోసిలి నా ముందు పట్టింది.

"ఇదిగో మీ కారం, మేడమ్. తూకం ఏసుకోండి. నా క్యారేజీలో లేదు."

మేడమ్! ఆ మాటతో పోలిస్తే కళ్ళలో కారం చల్లగా ఉంది. తక్కిన ఆడవాళ్ళు చుట్టూ చేరారు. అందరి కళ్ళలో నీళ్ళు. కారం వల్ల కొన్ని, తాళం మాట విని కొన్ని. గౌరి పెద్ద కూతురు ఆ ఏడాదే పది పాసయింది, కాలేజీలో చేర్చాలి. ఆ సంగతి గౌరి చెప్పలేదు. నాకు తెలుసు.

మర్నాడు అనిందితకు ఫోను చేశాను. ఆదివారమైనా వచ్చింది. గొట్టంలోకి టార్చి వేసి చూసి, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందని తర్వాత తెలిసింది.

"మాషిమా, ఆ రోజు చెప్పాను కదా. మామూలు గాలి అయితే వేగం ఎంతైనా తగ్గించుకోవచ్చు. దుమ్ము మోసే గాలికి ఒక హద్దు ఉంటుంది. అంతకన్నా నెమ్మదిస్తే దుమ్ము దారిలోనే దిగిపోతుంది."

మా ఆయన పక్కనే ఉన్నారు. కళ్ళు ఇంకా చింతనిప్పులే. "ఇందులో తెలియనిదేటుంది? లోకల్ రైలు కాస్త నెమ్మదిస్తే చాలు, స్టేషను రాకుండానే జనం దూకేస్తారు. నీ రైల్లో ప్యాసింజర్లందరూ దారిలోనే దిగిపోయారు. నిన్న ఎక్స్‌ప్రెస్సు నడిపావు, అందరూ ఒక్కసారి ఎక్కేశారు."

నలభై ఏళ్ళు గార్డు పక్కన కాపురం చేసి నాకు ఈ ఆలోచన రాలేదు. ఆయనకు మాత్రం నెల రోజులూ నేను పుల్లీ మార్చినట్టు తెలిసి కూడా రాలేదనుకోండి. ఆ సంగతి ఆయనకు గుర్తు చేశాను.

అనిందిత బ్లోయర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మూతి దగ్గర ఉన్న చిన్న తలుపు చూపించింది. మర పెట్టిన రోజు నుంచీ అది సగం మూసే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

"ఇదీ అసలు వృథా. బ్రేకు మీద ఒక కాలు పెట్టి బండి తోలుతున్నారు. ఈ తలుపు పూర్తిగా తెరిచేద్దాం. అప్పుడు వేగం కొంచెం తగ్గించినా కావలసిన గాలి వస్తుంది. దుమ్ము దిగిపోయేంత మాత్రం వద్దు. బెల్టు బిగించండి, రెక్కల మీద అట్టకట్టిన కారం గీకండి, గొట్టానికి మలుపు మలుపుకీ శుభ్రం చేసే మూతలు పెట్టించండి."

"ఎంత ఆదా అవుతుంది?" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

"మూడో వంతు దాకా."

"ఎనిమిదో వంతుకు దిగదా?"

వెనక నుంచి గౌరి గొంతు: "మేడమ్ గారూ, మీరు ఎల్లి నీడన కూకోండి."

వెళ్ళి నీడన కూర్చున్నాను.

అయిదు రోజుల్లో పని అయింది. ఈసారి సంచులకు ఇనుప పట్టీలు, అదీ గౌరి కొనిపించింది. ఎనిమిది మందిమీ కలిసి క్లబ్బుకు వెళ్ళి, ఇంకొక్కసారి చూడమని అడిగాం. బతిమాలాం అంటేనే నిజం. శ్యామల్‌దా చాలాసేపు గడ్డం గోక్కున్నారు. చివరికి అన్నారు:

"రేపు శనివారం ఫైనల్ మళ్ళీ ఆడుతున్నాం. అదే చోట. ఉతికిన నా పంజాబీ మీ సంచుల పక్కన ఆరేస్తాను. ఆట అయ్యేవరకూ మర ఆపకూడదు. పంజాబీ మీద ఒక్క ఎర్ర చుక్క ఉన్నా మాట్లాడేది లేదు."

ఆ శనివారం నేను బొత్తాం ముట్టలేదు. గౌరి ముట్టనివ్వలేదు. గోడకు చేరబడి, తీగ మీద ఊగుతున్న ఆ తెల్ల పంజాబీ వంక చూస్తూ కూర్చున్నాను. దాని మీద ఒక సీతాకోకచిలుక వాలితే నా గుండె ఆగింది. ఒక కాకి పైనుంచి వెళితే చెప్పు విసిరాను. అవతల నుంచి టక్ టక్‌మని కాయల చప్పుడు, ఇవతల మర మోత. ఎవరైనా తుమ్ముతారేమోనని నాకు ముక్కు దురద పుట్టింది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను, దేవుడి ముందు గుంజీలకు చెవులు పట్టుకున్నట్టు.

ఆట అయ్యాక శ్యామల్‌దా వచ్చి పంజాబీ దించారు. ముందు చూశారు, వెనక చూశారు, కాలరు వాసన చూశారు. తర్వాత అక్కడే తొడుక్కున్నారు.

"షెడ్డు మీదే, మాషిమా."

గౌరి బస్తాల చాటుకు వెళ్ళి పైటతో ముఖం తుడుచుకుంది. ఆ రోజు గదిలో కారం లేదు.

"ఇంతకూ ఫైనల్ ఎవరు గెలిచారు?" అని అడిగాను.

"నేనే!" అన్నారు శ్యామల్‌దా, ముఖం వెలిగిపోతూ. "ఆఖరి కాయ రావుదా తప్పారు. అంత సులువైన కాయ చిన్నపిల్లాడైనా వేస్తాడు!"

రావుదా అంటే మా ఆయన. ఇంటికి వచ్చాక అడిగాను. "కావాలనే ఓడారా?"

"చెయ్యి జారింది."

"మీ చెయ్యి జారదు."

"నీ లెక్క తప్పగా లేనిది, నా చెయ్యి జారకూడదేటి?" అని దినపత్రిక అడ్డం పెట్టుకున్నారు. ఆ పత్రిక తలకిందులుగా ఉంది.

కాబట్టి పాఠకులారా, సంత్రాగాఛి జంక్షన్‌లోని అన్ని ప్లాట్‌ఫారాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో తిరిగే చక్రం దేన్నీ నేను నెమ్మదింపజేయను. పుల్లీ, బెల్టు, బొత్తాం ఈ మూడింటికీ పది అడుగుల దూరంలో ఉంటాను. చివరికి ఇంట్లో సీలింగు ఫ్యాన్ రెగ్యులేటరు కూడా మా ఆయనే తిప్పుతారు. నేను ఉక్కపోతలో కూర్చుని ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తాను.

ఇక పోయినవాటి లెక్క. గొట్టంలోంచి గీకి పారేసినది, క్లబ్బు మీద కురిసినది కలిపి కారం పదకొండు కిలోలు. కొత్త గుడ్డ సంచులు రెండు. లంగా నాడాలు రెండు. క్యారమ్ బల్ల ఒకటి, ఎంత తుడిచినా మంట పోలేదు. స్ట్రైకర్ ఒకటి, ఇప్పటికీ దొరకలేదు. మా ఆయన ముప్పై ఏళ్ళుగా ఎదురుచూసిన కప్పు ఒకటి. గౌరి నోట "అప్పా" అన్న పిలుపు, మూడు వారాలు.